నేలబారు కారుకు క్రొత్త సైలెన్సరు

సైలెన్సరు అనే వస్తువును ఎరుగనివారు మన ప్రాంతంలో ఉండరు. ట్రాక్టరుకు అది బానెట్టు మీద నిటారుగా నిలిచి ఆకాశంవైపు పొగ వదులుతుంది. లారీకి ఛాసిస్ ప్రక్కన బారుగా వ్రేలాడుతుంది. మోటారు సైకిలుకు వెనుక చక్రం ప్రక్కన మెరుస్తూ కనిపిస్తుంది. ఈ వాహనాలన్నింటికీ ఒక సౌకర్యం కలదు: సైలెన్సరును పెట్టుకొనడానికి వాటికి చోటున్నది. అడుగుభాగం నేలకు జానెడు ఎత్తున కూడా లేని స్పోర్ట్స్ కారుకు ఆ చోటే కరువు. అట్టి కారులో పాత సైలెన్సరు తుప్పుపట్టి చిల్లులు పడినపుడు క్రొత్తది అమర్చుట ఎట్లు, ఆ పనిలో ధ్వనిశాస్త్రము, ఉష్ణశాస్త్రము, కొంత మోటారు చట్టము ఎట్లు కలిసి వస్తాయి అన్నది ఈ వ్యాసంలో వివరింప దలచాను.

ముందుగా పేరును గురించి ఒక మాట. అమెరికా వారు దీనిని మఫ్లర్ అంటారు. చలికాలంలో మనం మెడకు చుట్టుకొనే మఫ్లరు కూడా అదే మాట, కప్పి ఉంచునది అని అర్థం. బ్రిటిషువారు సైలెన్సరు అన్నారు గనుక మనమూ అదే అంటున్నాము. మన ఉర్దూ విభాగపు మిత్రుల 'ఖామోష్' అనే మాట దీనికి చక్కగా అమరి ఉండేదేమో గాని, మెకానిక్ షెడ్డులో ఆ పేరు వాడుకకు రాలేదు. ఇంజను ధ్వనిని అణచే సాధనానికి అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు 1897లో పేటెంటు పొందారు. నాటి నుండి నేటివరకు మూల సూత్రం పెద్దగా మారలేదు.

ఇక నేలబారు కార్ల సంగతి. విడిభాగాలను పెట్టెలో కొని, యజమానే ఇంటివద్ద కూర్చుకొనే కార్లను కిట్ కార్లు అంటారు. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ 1957లో వెలువరించిన లోటస్ సెవెన్. పూర్తిగా తయారైన కారుపై అక్కడ కొనుగోలు పన్ను ఉండేది. భాగాలుగా అమ్మితే ఆ పన్ను తప్పేది. 1973లో ఆ పన్ను స్థానే మరొక పన్ను వచ్చి ఆ వెసులుబాటు పోయింది. ఆ ఏడే సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థకు చేరాయి. మన దేశంలో గోవాలో తయారైన శాన్ స్టార్మ్, మహారాష్ట్రలోని అలీబాగ్‌లో తయారైన చింకారా రోడ్‌స్టర్ ఈ జాతికి దగ్గరి బంధువులు. రెండింటికీ ఫైబర్‌గ్లాసు బాడీ. మొదటిదానికి రెనో ఇంజను, రెండవదానికి ఇసుజు ఇంజను. మన తెలుగువారిలో చేతితో కార్లు కట్టే అభిరుచికి సాక్ష్యం కావాలంటే హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియం చూడవచ్చును; అక్కడ బూటు ఆకారంలోను, క్రికెట్ బ్యాటు ఆకారంలోను ఉన్న కార్లు సైతం నడిచేవే.

అయితే మన విద్యార్థులకు ఇంకా సన్నిహితమైన ఉదాహరణ ఉన్నది. ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీలలో ఇంజనీరింగు విద్యార్థులు తమ చేతులతో ఒంటి సీటు కారును కడతారు. మన దేశంలో 2011లో ప్రారంభమైన సుప్రా పోటీ, కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ పోటీ ఈ కోవలోనివే. ఇంటర్మీడియట్ ముగించి ఇంజనీరింగులో చేరబోయే మన కుర్రవారికి ఈ అవకాశం దూరమైనది కాదు. పెట్రోలు ఇంజను కారులో ఆ విద్యార్థులు తప్పక దాటవలసిన పరీక్షలలో ధ్వని పరీక్ష ఒకటి. పొగగొట్టపు మూతికి అర మీటరు దూరాన, 45 డిగ్రీల కోణంలో మైకు ఉంచి ధ్వనిని కొలుస్తారు. ఇంజను ఊరక తిరుగునపుడు 103 డెసిబెల్సు, నిర్ణీత వేగంలో 110 డెసిబెల్సు మించరాదు. మించితే కారు పందెపు బాటను ఎక్కదు. నెలల తరబడి పడిన శ్రమ ఒక డబ్బా దగ్గర నిలిచిపోతుంది.

ఆ డబ్బాలో ఏమి జరుగుతున్నదో చూద్దాము. సిలిండరులో పేలుడు జరిగి ఎగ్జాస్టు వాల్వు తెరుచుకొన్న ప్రతిసారి వేడివాయువు ఒక్క ఉదుటున గొట్టంలోకి దూకుతుంది. ఆ ఉదుటు ఒక పీడన తరంగం. అదే మన చెవికి ధ్వని. దానిని అణచే మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది ప్రతిఫలనం. సన్నని గొట్టం నుండి వెడల్పైన గదిలోకి వచ్చిన తరంగం, గది చివరి గోడనుండి వెనుకకు మరలి, ఎదురు వచ్చే తరంగాన్ని రద్దు చేస్తుంది. గది పొడవు ఆ ధ్వని తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు ఉన్నపుడు ఈ రద్దు గరిష్ఠంగా ఉంటుంది. రెండవది శోషణం. రంధ్రాల గొట్టం చుట్టూ గాజుదూది వంటి పీచుపదార్థం కూరితే, ఆ పీచులో రాపిడివల్ల ధ్వనిశక్తి వేడిగా మారిపోతుంది.

చిన్న లెక్క వేద్దాము. గది ఉష్ణోగ్రత వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 400 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న వాయువులో అది సుమారు 520 మీటర్లకు పెరుగుతుంది. నాలుగు సిలిండర్ల కారు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 పేలుళ్ళు. కాబట్టి తరంగదైర్ఘ్యం 5.2 మీటర్లు, నాలుగవ వంతు 1.3 మీటర్లు. నేలబారు కారు వెనుక భాగంలో అర మీటరు డబ్బాకే స్థలం గగనం! విద్యార్థుల కారు సంగతి ఇంకా కష్టం. ఒకే సిలిండరుగల మోటారు సైకిలు ఇంజను 7600 చుట్ల వద్ద సెకనుకు 63 సార్లు మాత్రమే పేలుతుంది. నాలుగవ వంతు తరంగదైర్ఘ్యం రెండు మీటర్లు దాటుతుంది. ఆ పోటీల నియమం ప్రకారం ముందు వెనుక చక్రాల నడుమ ఉండవలసిన కనీస దూరమే 1525 మిల్లీమీటర్లు. అనగా ఆదర్శమైన గది కారు చక్రాల నడుమ దూరంకంటె పొడవు!

ఇందువల్లనే తయారీదారులు డబ్బాలోపల గొట్టాన్ని ముందుకు వెనుకకు మడిచి రెండు మూడు గదులు చేస్తారు. మంద్రస్వరం కోసం ప్రత్యేకంగా ఒక బుడ్డివంటి అనునాదక గదిని కలుపుతారు. గాజుదూది ఒక్కటే కూరిన నిటారు గొట్టం చూపులకు సొగసే. ఇంజనుకు అడ్డంకి తక్కువ, బరువు తక్కువ. కాని అది తీవ్రస్వరాలను మ్రింగినంతగా మంద్రస్వరాలను మ్రింగలేదు. పైన చెప్పిన పోటీలలో ధ్వనిని 'సి' కొలమానంతో కొలుస్తారు. సాధారణంగా వాడే 'ఎ' కొలమానం మంద్రధ్వనులను తక్కువ చేసి చూపుతుంది. 'సి' ఆ దయ చూపదు. దుకాణంలో వినడానికి మెత్తగా ఉన్న సైలెన్సరు పరీక్షలో ఓడిపోవడానికి ఇదే ముఖ్యకారణం. ఆ గాజుదూది కూడా శాశ్వతం కాదు. వేడికి, వాయువుల ఒరవడికి కొద్దికొద్దిగా ఎగిరిపోతుంది. అపుడు డబ్బా పైకి చెక్కుచెదరక ఉన్నా ధ్వని పెరుగుతూ పోతుంది.

ధ్వనిని గురించి ఇంత తెలిసిన పిమ్మట కొలతలకు రావాలి. నేలబారు కారు విషయంలో సైలెన్సరును ఎంచుకొనవలసింది చెవితో కాదు, టేపుతో అని నా అభిప్రాయం. ఎంత ఉత్తమమైన సైలెన్సరైనా నేలకు తగిలితే ఒక్క ప్రయాణంలో ఊడిపోతుంది.

తిరువూరు మీదుగా పోయే 30వ నెంబరు జాతీయ రహదారి ఒకవైపు కొత్తగూడెం, భద్రాచలం దిశకు, మరొకవైపు మైలవరం, ఇబ్రహీంపట్నం దిశకు సాగుతుంది. ఇట్టి రహదారినుండి ఏ ఊరిలోనికి తిరిగినా స్పీడుబ్రేకరు తప్పదు గదా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడుబ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. చక్రాల నడుమ 2.3 మీటర్ల దూరం, నేలకు 11 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కారు దానిపై ఎక్కి నడిమికి వచ్చిందనుకొందాము. చక్రాలు కూడా ఆ వంపుమీదనే ఉంటాయి గనుక, చక్రాల రేఖకు పైగా వంపు పొడుచుకొని వచ్చేది నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఇంకా ఏడు సెంటీమీటర్లు మిగిలే ఉన్నది. ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడుబ్రేకరు నేలబారు కారుకు శత్రువు కాదన్నమాట. శత్రువు ఎవరంటే, సిమెంటు మిగిలినపుడు ఇంటిముందు ఎవరో పోసిన అరమీటరు వెడల్పు దిమ్మ. దాని ఎత్తు పది సెంటీమీటర్లే అయినా, ముందు చక్రాలు దిగిపోయి వెనుక చక్రాలు ఇంకా ఎక్కకముందు ఆ పది సెంటీమీటర్లూ కారు అడుగుకు ఎదురు నిలుస్తాయి. మిగిలేది ఒక్క సెంటీమీటరు. ఇద్దరు మనుషులు కూర్చుంటే స్ప్రింగులు కుంగి ఆ సెంటీమీటరు కూడా పోతుంది.

కాబట్టి కొలతలు తీసుకొనేటప్పుడు కారులో మనుషులు కూర్చుని ఉండాలి, లేక వారి బరువుకు తగిన మూటలైనా ఉంచాలి. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉండాలి. అడుగు చట్రంలో అన్నిటికంటె క్రిందుగా ఉన్న గొట్టం ఏదో గుర్తించి, సైలెన్సరు దానికంటె క్రిందికి దిగకుండా చూడాలి. దెబ్బ తగిలితే చట్రానికి తగలాలి. గుండ్రని డబ్బాకు బదులు కోడిగ్రుడ్డు ఆకారపు డబ్బాను అడ్డంగా పడుకోబెడితే అదే ఘనపరిమాణానికి ఎత్తు తగ్గుతుంది. అదీ పట్టకపోతే సైలెన్సరును వెనుక చక్రాల ఇరుసుకు వెనుకగా అడ్డంగా గాని, సెవెన్ తరహా కార్లలోవలె బాడీ ప్రక్కగా గాని ఉంచవచ్చును. ప్రక్కగా ఉంచితే కారు దిగేవారి కాలికి తగలకుండా రంధ్రాల రేకు కవచం తప్పనిసరి.

వేడి సంగతి తరువాతి మెట్టు. ఇనుము వేడికి సాగుతుందని తొమ్మిదవ తరగతి విద్యార్థికి కూడా తెలుసు. ఎంత సాగుతుందో లెక్కవేసేవారు తక్కువ. రెండు మీటర్ల మామూలు ఉక్కు గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు సాగుతుంది. తుప్పుపట్టదని మనం మెచ్చుకొనే స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 14 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. ఈ సాగుదలకు దారి ఇవ్వక సైలెన్సరును చట్రానికి నేరుగా బోల్టులతో బిగిస్తే, ఇంజను వద్ద మానిఫోల్డుగాని, అతుకు దగ్గర వెల్డింగుగాని పగిలి తీరుతుంది. అందుకే వ్రేలాడదీసే రబ్బరు బుష్షులు. ఇంజను కూడా తన రబ్బరు దిమ్మలపై ఊగుతుంటుంది గనుక, గొట్టంలో ఒకచోట అల్లిక గొట్టం లేదా బంతి అతుకు ఉండటం మంచిది. సైలెన్సరుకు, బాడీకి నడుమ చల్లగా ఉన్నపుడు కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఫైబర్‌గ్లాసులో వాడే సాధారణ పాలిస్టర్ రెసిన్ వంద డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుంది; ఖాళీ చాలనిచోట అల్యూమినియం రేకును బాడీకి అంటకుండా, నడుమ గాలి ఆడేటట్లు బిగించాలి. రేకుకన్న ఆ నడిమి గాలియే ఎక్కువ రక్షణ.

పెట్రోలు గొట్టం విషయంలో చట్టమే హద్దు గీసింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 113వ నియమం ప్రకారం పొగగొట్టం ఇంధనపు గొట్టానికి 35 మిల్లీమీటర్లలోపు ఉండరాదు. 112వ నియమం ప్రకారం మోటారు సైకిళ్ళు మొదలైనవి మినహా వాహనాల పొగ నేలవైపునకు గాని, ఎడమవైపునకు గాని వెలువడరాదు. వెనుకకు లేదా కుడివైపునకు పోవాలి. మన దేశంలో వాహనం ఎడమప్రక్కన నడుస్తుంది. ఎడమన బాటసారులు, అంగళ్ళు, బస్సుకై నిలిచిన పిల్లలు ఉంటారు. విదేశపు నమూనా చూచి ఎడమప్రక్క గొట్టం పెట్టదలచినవారు ఈ నియమాన్ని ముందుగా చదవాలి. 120వ నియమం ప్రతి వాహనానికి సైలెన్సరు ఉండాలంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ధ్వని, వాయు కాలుష్య ప్రమాణాలు మీరినవారికి శిక్ష చెప్పింది. 2019 సవరణ పిమ్మట జరిమానా పదివేల రూపాయలదాకా ఉండవచ్చును. సైలెన్సరులోని పలకలు ఊడబెరికి ఫటఫటమని వీధులు అదరగొట్టే యువకులు ఆ సెక్షను చదివినట్లు తోచదు. విద్యార్థుల పోటీ కార్లు రోడ్డుమీద నడిపేవి కావు గనుక వాటికి పోటీ నియమాలే చట్టం.

అన్నింటికంటె మిన్నగా ఆలోచించవలసింది ఆ పొగ ఎక్కడికి పోతున్నదనే విషయం. పెట్రోలు అసంపూర్ణంగా కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటె దీనితో రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పెనవేసుకొంటుంది. మొదట తలనొప్పి, పిదప మగత. నడుపువాడు అలసట అనుకొంటాడు. నేలబారు కారులో ఈ అపాయం రెండింతలు. ఒకటి, మనిషి ముక్కు పొగగొట్టపు మూతికి మామూలు కారులోకంటె చేరువ. రెండు, పరుగెత్తే కారు వెనుక పీడనం తగ్గి గాలి సుడి తిరుగుతుంది. పైకప్పు లేని కారులో ఆ సుడి వెనుకనున్న పొగను సీటువైపునకు లాగుకొని వస్తుంది. గొట్టపు మూతి బాడీ అంచుకంటె లోపలికి ఉండిపోతే పొగ అడుగునే నిలిచి నేలపలకలోని కంతలగుండా లోపలికి చేరుతుంది. కావున మూతి బాడీ అంచును కొద్దిగా దాటి బయటకు రావాలి. పెడల్సు వద్ద, గేరు కడ్డీ వద్ద ఉన్న కంతలన్నింటిని రబ్బరుతో మూయాలి. అలాగే, అడ్డంకి తగ్గుతుందని ఎవరైనా చెప్పినా సరే, కాటలిటిక్ కన్వర్టరును తీసివేయరాదు. ఆ విషవాయువులో అత్యధిక భాగాన్ని హరించేది అదొక్కటే.

ఇక చేతిపని. కారును జాకీతో లేపి, చట్రం క్రింద స్టాండ్లు పెట్టిన తరువాతనే క్రిందికి దూరాలి; ఒక్క జాకీని నమ్ముకొని పడుకోరాదు. నేలబారు కారు క్రిందికి మామూలు జాకీ దూరదు గనుక ముందుగా చక్రాలను పలకలమీదికి ఎక్కించుకోవాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి. తుప్పుపట్టిన నట్లపై ముందురోజు రాత్రే తుప్పు విడిచే నూనె వేసి ఉంచితే స్పానరుకు సగం పని తగ్గుతుంది. పాత సైలెన్సరు పనికిరానిదైనా పారవేయవద్దు. క్రొత్త దానికి కొలత అదే: గొట్టపు బయటి వ్యాసం, రెండు మూతుల నడుమ దూరం, ఒకటి నడిమినుండి ఎంత ప్రక్కకు ఉన్నది, కొక్కేలు ఎక్కడెక్కడ ఉన్నవి. కావలసిన వంపులు తిరువూరు షెడ్లలో దొరకకపోతే విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. గొట్టాన్ని మంటలో కాల్చి వంచితే వంపువద్ద నొక్కుకొని దారి ఇరుకవుతుంది. యంత్రంమీద వంచిన బెండు కొని అతికించుటే మేలు.

అమర్చేటపుడు ఇంజను వైపునుండి మొదలుపెట్టి వెనుకకు రావాలి. అన్ని అతుకులను వదులుగా కూర్చి, రబ్బరులు తగిలించి, నలువైపులా ఖాళీ చూచుకొని, అప్పుడు ముందునుండి వెనుకకు వరుసగా బిగించాలి. ఒక గొట్టంలోకి మరొక గొట్టం కనీసం నాలుగు సెంటీమీటర్లు దూరితేనే క్లాంపు పట్టు నిలుస్తుంది. ఫ్లాంజిల నడుమ పాత గ్యాస్‌కెట్టును మళ్ళీ వాడుట పిసినారితనం. వెల్డింగు కావలసివస్తే కారుమీద చుక్కలు మాత్రమే పెట్టించి, గొట్టాన్ని దించి బయట పూర్తి చేయించాలి. ఆ చుక్కలకు ముందుకూడా బ్యాటరీ తీగ విప్పాలి. ఫైబర్‌గ్లాసుపై రేకు కప్పాలి. పెట్రోలు ట్యాంకు దాపున నిప్పురవ్వ పడకుండా చూడాలి.

మరొక చిన్న విషయాన్ని చాలామంది గమనించరు. ఒక లీటరు పెట్రోలు కాలితే రమారమి లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఊరిలోనే తిరిగే కారులో సైలెన్సరు పూర్తిగా వేడెక్కదు. ఆ ఆవిరి లోపలనే నీరై నిలిచి డబ్బాను లోనుండి తినివేస్తుంది. అందుకే కొన్ని డబ్బాల అడుగున సన్నని రంధ్రం ఉంచుతారు. అడ్డంగా పడుకోబెట్టినపుడు ఆ రంధ్రం క్రిందివైపే ఉండాలి. దానిని లోపమనుకొని వెల్డింగుతో మూయించినవారు లేకపోలేదు!

పని ముగిసిన పిమ్మట ఆరుబయట ఇంజను నడిపి, ఇంకా వేడెక్కకముందే దళసరి గుడ్డతో గొట్టపు మూతిని క్షణకాలం సగం మూస్తే కారే అతుకు బుసకొట్టి తన జాడ తానే చెప్పుతుంది. సబ్బునీరు పూసినా బుడగలు కనిపిస్తాయి. వంద కిలోమీటర్లు నడిచిన తరువాత, చల్లారనిచ్చి క్లాంపులన్నీ తిరిగి బిగించాలి. గ్యాస్‌కెట్లు మొదటి వేడికి కొంత అణగుతాయి. అదే సమయంలో డబ్బా అడుగును చేతిదీపంతో చూడాలి. క్రొత్త గీతలు ముందు అంచున పడి ఉంటే సైలెన్సరు ముందువైపు రబ్బరు కుంగినట్లు, వెనుక అంచున పడి ఉంటే వెనుకవైపు రబ్బరు సాగినట్లు. గీతలు నడుమ అడ్డంగా సమంగా ఉంటే రబ్బరులలో దోషం లేదు. డబ్బాయే ఆ కారుకు లావు.